చిలకల కావలి

పంకజాక్షి టీచరును ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు మైదానంలో చెల్లాచెదురుగా పడి ఉన్న బంతులన్నీ ఏరుకుని రమ్మనేది. అడిగినవాళ్ళు వంగి లేచి, ముళ్ళకంపల్లో చెయ్యి పెట్టి, బంతులు గోతంలో వేసుకుని వచ్చేసరికి సగం ప్రశ్నలు వాటంతట అవే ఆరిపోయేవి. మిగిలినవాటిలో కొన్నింటికి అడిగినవాళ్ళకే జవాబు తట్టేది. ఏ ప్రశ్న అయితే గోతంతో పాటు తిరిగివచ్చి ఆమె ఎదుట నిలబడేదో, అదే అసలు ప్రశ్న అని ఆమె లెక్క. దానికి కూడా సూటిగా జవాబు చెప్పేది కాదు. ఒక కథ చెప్పేది. ఆ కథ ఎప్పుడూ ఒక్కడిదే, కుళ్ళాయప్పది.

కుళ్ళాయప్ప పేరు ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు. బేస్‌బాల్ అనే ఆట ఒకటి ఉందని కూడా ఎరగని మెట్టపొలాల నడుమ పుట్టి, ఆ ఆటలో దేశం తరఫున బంతి విసిరినవాడు. అతని బంతికి ఎదురుగా బ్యాటు పట్టుకుని నిలబడాలంటే ఆరితేరినవాళ్ళే ఒక అడుగు వెనక్కి వేసేవారని చెప్పుకునేవారు. అతని ఫోటో ఇప్పటికీ ఆ బడి ఆఫీసు గదిలో గోడ గడియారం పక్కన ఉంది. అతని చేతికి మొట్టమొదట బంతి ఇచ్చింది పంకజాక్షి టీచరే. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయినా ఆమె పొద్దుటిపూట మైదానానికి రావడం మానలేదు. ఆట నేర్చుకునే పిల్లలు కూడా ఆమెను మానలేదు.

ఈ మధ్య ఆమెకు ఒక దిగులు పట్టుకుంది. పేర్లు జారిపోతున్నాయి. మొదట పేర్లే అనుకుంది. తర్వాత మాటలు కూడా జారడం మొదలుపెట్టాయి. ఒకరోజు పిండి జల్లించుకోవడానికి జల్లెడ కావలసివచ్చి, దాని పేరు నోటికి రాక, "అదేనమ్మా, చిల్లులుంటాయే, అది" అని పక్కింటి కోడలిని అడిగి తెచ్చుకుంది. ఆ కోడలు నవ్వింది. టీచరు కూడా నవ్వింది. ఇంట్లోకి వచ్చి జల్లెడను ఎదురుగా పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. అప్పటి నుంచి మైదానంలో ఆడపిల్లలందరినీ 'అమ్మీ' అనే పిలుస్తోంది. అది ముద్దు పిలుపని పిల్లలు సంబరపడ్డారు. తెల్లవారి తల దువ్వుకుంటూ ఆమె తన మొదటి జట్టు పిల్లల పేర్లు వరుసగా చెప్పుకునేది. కుళ్ళాయప్ప పేరు పలికాకగానీ కొప్పు ముడిచేది కాదు.

ఆ రోజు గోతంతో పాటు ప్రశ్నను కూడా మోసుకువచ్చింది శివగంగ.

శివగంగ బంతి విసిరే పిల్ల. ఆ ఆటలో విసిరేవాళ్ళకు ఎదురుగా నేల మీద ఒక తెల్లని పలక ఉంటుంది. పలక పక్కన బ్యాటు పట్టుకున్న మనిషి, పలక వెనక బంతి అందుకునే క్యాచర్. బంతి ఆ పలక మీదుగా పోవాలి. శివగంగ బంతి చక్కగా పోయేది, పోయిన నెల దాకా. పోయిన నెల ఒక పొద్దు చేతిచెమటకు బంతి జారి, బ్యాటు పట్టుకుని నిలబడిన నసీమ దవడకు తగిలింది. నసీమ ఆమెకు ఒకటో తరగతి నుంచి స్నేహితురాలు. దవడ వాచింది, తగ్గింది, పసుపుపచ్చని మచ్చ ఒకటి మిగిలింది. ఆ మచ్చ కూడా మానిపోతోంది గానీ, శివగంగ చెయ్యి మాత్రం మానలేదు. ఎవరు ఎదుట నిలబడినా ఆమె బంతి వాళ్ళకు బారెడు దూరం నుంచి పోతోంది. ఈ సంగతి కనిపెట్టినవాళ్ళు ధైర్యంగా పలక మీదికి వంగి నిలబడుతున్నారు. ఆదివారం రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉంది. ఈసారి తప్పితే, పై ఏటికి ఆమె వయసు దాటిపోతుంది.

"టీచరమ్మా," అంది శివగంగ, గోతం కింద పెట్టి. "మనిషికి తగలకూడదనుకుంటే బంతి పలక దగ్గరికి పోదు. పలక దగ్గరికి పంపాలనుకుంటే మనిషి కనపడుతుంది. నేను దేన్ని చూడాల?"

వెనకాలే వచ్చిన నసీమ గ్లవ్ చంకలో పెట్టుకుని, "నన్ను చూడొద్దని చెప్పండి టీచరమ్మా. నా దవడను చూసి చూసి దీని కండ్లు గుంతలు పడినాయి. దెబ్బ తగిలింది నాకు, పత్యం చేసేది ఇది. మా అమ్మ నాకు మెత్తగా అన్నం వండి నెయ్యేసి పెడతాంది. ఇంకో నాలుగు దినాలు వాపుంటే బాగుండు అనుకున్యా నేను," అంది.

శివగంగ నవ్వలేదు.

పంకజాక్షి టీచరు మెట్టు మీద కూర్చుని గోతంలోంచి ఒక పాత బంతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కథ చెప్పేటప్పుడు చేతిలో బంతి ఉండటం ఆమెకు అలవాటు. "కూర్చోండి," అంది.

"నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినాను. వాలీబాల్ సామాను పంపమని మా బడి నుంచి అడిగితే, పెట్టె విప్పేసరికి బేస్‌బాల్ సామాను ఉంది. బ్యాట్లు చూసి మా హెడ్‌మాస్టరు, 'రోకళ్ళు ఎందుకు పంపినారమ్మా, వడ్లు దంచాల్నా' అన్నాడు. ఆ పెట్టెను మూలన పడేసినాం. నేను రోజూ బడికి జొన్నచేల గట్టు మీద నడిచిపోయేదాన్ని. ఆ చేలో ఒక మంచె, మంచె మీద ఒక పిల్లవాడు. వాడే కుళ్ళాయప్ప. వాడూ, వాళ్ళవ్వ మారెక్కా, ఇద్దరే. జానెడు భూమి లేదు. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా వేరేవాళ్ళ చేనుకు పిట్టల కావలి కాస్తే, కోతలప్పుడు జొన్నలు కొలిచి పోసేవాళ్ళు. అవే వాళ్ళకు ఏడాది తిండి.

"అందరూ ఒడిసెలతో రాళ్ళు విసిరేవాళ్ళు. మారెక్క మనవడి చేతికి ఒడిసెల ఇయ్యలేదు. రాయి పోయి కంకిని రాలుస్తుందని ఆమె భయం. వంకలో మట్టి తెచ్చి, నిమ్మకాయంత ఉండలు చేసి, ఎండబెట్టి, ఒక గంపెడు మంచె మీద పెట్టేది. వాడు వాటిని వట్టి చేత్తో విసిరేవాడు. మట్టి ఉండ కదా, దేనికి తగిలినా పొడి అయిపోతుంది. కంకికి నొప్పి ఉండదు. వాడు చెయ్యి తిప్పితే గట్టు మీద నాకు బుర్రుమని వినపడేది."

టీచరు ఇక్కడ ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేది. ఆమె కళ్ళకు ఆ చేను, ఆ చెయ్యి కనిపించేవి. ఈ రోజు కూడా కనిపించాయి. అమ్మయ్య అనుకుంది.

"ఒక దినం వానికి బుద్ధి పుట్టింది, తగుల్తుందో లేదో చూద్దామని. చూసినాడు. చిలక ఒకటి కింద పడింది. మట్టి ఉండే అయినా, చిలక ఎంతుంటుంది? వాడు దాన్ని ఎత్తుకుని అవ్వ దగ్గరికి పరిగెత్తినాడు. అవ్వ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రెక్కకు పసుపు పూసి గంప కింద మూసింది. తెల్లారేసరికి చచ్చిపోయింది. ఆ పొద్దు నుంచి కుళ్ళాయప్ప మంచె ఎక్కుతాడు, డబ్బా వాయిస్తాడు, కేకలేస్తాడు. విసరమంటే ఉండను తీసుకుని, చిలకలు ఉన్న వైపు కాకుండా గట్టు అవతలికి విసిరేస్తాడు."

శివగంగ తల వంచుకుంది. నసీమ మోచేత్తో ఆమె పక్కటెముకల్లో పొడిచింది.

"చిలకలకు మొదట భయమేసింది. తర్వాత డబ్బా చప్పుడుకు అలవాటు పడినాయి. ఈ పిల్లవాని ఉండ మన దరిదాపులకు రాదు అని వాటికి తెలిసిపోయింది. మంచె పక్కనే వాలి, వాని మొహం చూస్తా కంకులు ఒలుచుకుని తినేవి. చేను గలాయన వచ్చి చూసినాడు. ఆయన చెడ్డవాడు కాదు. 'అవ్వా, నీ మనవడు కాసేది నా చేను కావలా, చిలకల కావలా? రేపటికి కూడా ఇట్లనే ఉంటే నేను వేరే మనిషిని పెట్టుకుంటా' అని చెప్పిపోయినాడు. నేను గట్టు మీదే ఉన్నాను, అంతా విన్నాను. ఆ మాటకు మారెక్క మంచె ఎక్కింది. ముసలామె, మోకాళ్ళు పట్టుకుని ఎక్కింది. మనవడి మణికట్టు పట్టుకుంది. పట్టుకుని ఒక మాట అనింది. ఆ మాటతో వాడు మళ్ళీ ఉండను చేతికి తీసుకున్నాడు. అవ్వ ఏమనిందంటే, 'నాయనా, నేను నిన్ను...'"

టీచరు ఆగింది.

పిల్లలు ఎదురుచూశారు. ఎప్పుడూ ఆగినట్టే ఆగిందనుకున్నారు. కానీ ఆమె ఆగలేదు, మాట ఆగింది. ఆమె చెయ్యి చాచిన చోట ఆ మాట లేదు.

మిగతాదంతా ఉంది. మారెక్క కట్టుకున్న నేరేడుపండు రంగు చీర, ఆ చీర కొంగున మట్టి మరకలు, మంచె గుంజకు కట్టిన చింకి గోనె, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత వాడు విసిరిన ఉండ కూడా ఉంది. అది చిలకకూ కంకికీ నడుమ సందులోంచి దూసుకుపోయింది. ఆకు ఊగి, చిలకలు గుంపుగా లేచిపోయాయి. ఒక్క గింజ రాలలేదు, ఒక్క ఈక రాలలేదు. అది చూసే కదా ఆమె ఆ సాయంత్రం బడికి వెనక్కి పోయి, మూలన పడేసిన పెట్టెలోంచి బంతి తీసుకువచ్చింది. అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క మాట తప్ప. అది పెద్ద మాట కూడా కాదు. వంటింట్లో, వాకిట్లో, రోజూ నోట్లో నానే మాట. కొట్టడం కాదు. బెదిరించడం కాదు. పొమ్మనడం కూడా కాదు. ఒళ్ళోని బంతికి కుట్టు ఊడి, తోలు పెచ్చులుగా లేచింది. ఆమె బొటనవేలు ఆ పెచ్చు కింద దూరి, అటూ ఇటూ తిరిగింది. మాట దొరకలేదు.

"ఏమనింది టీచరమ్మా?" అంది శివగంగ. ఆమె గొంతులో ఆదివారం అంతా ఉంది.

"ఉండమ్మీ. చెప్తాను."

ఆ మాట వదిలేసి కథను ముగించవచ్చు. ఇంకేదో మాట అతికించవచ్చు, పిల్లలకు తెలియదు. కానీ ఆ పొద్దు కుళ్ళాయప్ప చేతిని కదిలించింది ఆ మాటే. అది లేకుండా చెబితే తాలింపు పెట్టని పప్పు. ఈ పిల్ల నెల నుంచి అన్నం సరిగ్గా తినకుండా ఆ గోతం మోసుకుని వచ్చింది. రేపు మరో మాట పోతుంది. ఎల్లుండి కథే పోతుంది. ఆ తర్వాత తల దువ్వుకుంటూ ఆమె పేర్ల వరుసలో ఎక్కడో ఆగిపోతుంది, కొప్పు ముడి పడదు. ఇవన్నీ ఆమెకు ఒక్కసారిగా తోచాయి. వాటిని ఆమె బయటికి రానీయలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"ఆ హెల్మెట్ ఇట్లియ్యి," అంది నసీమతో.

"ఎవరికి టీచరమ్మా?"

"నాకే."

నసీమ హెల్మెట్ తెచ్చి పెట్టింది. కొప్పు అడ్డం వచ్చి అది నెత్తి మీద మూకుడులాగా నిలబడింది. "కొప్పు విప్పాల్సిందే, లేకుంటే పట్టదు," అంది నసీమ. టీచరు నడిమైదానంలో కొప్పు విప్పి, జడ వేసినట్టు మెలిపెట్టి వెనక్కి వేసుకుని, హెల్మెట్ కిందికి లాక్కుంది. చీర కుచ్చెళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. బ్యాటు అందుకుని పలక పక్కన నిలబడింది. ఆమె బ్యాటు పట్టడం ఆ పిల్లలు చూడటం అదే మొదటిసారి. మాటలు జారినంత తొందరగా చేతులు జారలేదు. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తులో నిలిచింది.

"వెయ్యమ్మీ."

"నేను వెయ్యను," అంది శివగంగ. "మీకు తగిలితే?"

"నువ్వు వేసేది తగిలేంత దగ్గరికి వస్తే కదా."

నసీమ పలక వెనక కూర్చుని కిసుక్కున నవ్వింది. శివగంగ మొహం ఎర్రబడింది. బంతి తీసుకుని విసిరింది. అది టీచరుకు చాలా దూరం నుంచి పోయింది. నసీమ అడ్డంగా దూకి పట్టుకుంది. "మా మేకలు మేసే చోటికి పోతాంది బంతి," అంది.

టీచరు ఒక అడుగు ముందుకు వేసింది. రెండో బంతి ఇంకా దూరంగా పోయింది. ఆమె మరో అడుగు వేసి, పలక మీదికి వంగింది. ఆమె మోచేతులు పలకను కప్పేశాయి. ఇక శివగంగకు పలక కనపడటం లేదు. నెరిసిన జడ, లావు కళ్ళద్దాలు, ఎముకల చేతులు కనపడుతున్నాయి.

"టీచరమ్మా, వెనక్కి జరగండి. అట్ల నిలబడకూడదు."

"ఎందుకు జరగాల? ఇక్కడ నాకు చల్లగా ఉంది. కంకులు బాగుండాయి," అంది టీచరు. "నీ ఉండ మా దరికి రాదు."

శివగంగ బంతిని చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు నిలబడింది. ఎండ పైకెక్కుతోంది. బడి గోడ మీద కాకి ఒకటి వాలి లేచిపోయింది. ఆమె టీచరు మొహం చూసింది, చేతులు చూసింది. తర్వాత ఆ మోచేతికీ ఆ రొమ్ముకూ నడుమ నసీమ గ్లవ్ ఒక ముక్క కనపడింది, బెత్తెడు ముక్క. చూపు అక్కడ ఆనింది, కదల్లేదు. చెయ్యి తిరిగింది.

పంకజాక్షి టీచరుకు ముందు ఆ చప్పుడు వినపడింది, ఆ బుర్రుమనే చప్పుడు. ఏ గట్టు మీదో విన్నట్టుంది. ఆమె ఏమీ అనుకోకముందే కాళ్ళు వెనక్కి పడ్డాయి. రెండడుగులు వెనక్కి పోయి, బ్యాటు నేలకు ఆనించి నిలదొక్కుకుంది. బంతి ఆమె జాకెట్టు మీద గాలి కొట్టి, పలక అంచు మీదుగా పోయి, నసీమ గ్లవ్‌లో ధబ్బుమని పడింది. పలక మొత్తం తెల్లగా, ఖాళీగా బయటపడింది.

నసీమ గ్లవ్‌లోకి చూసింది, టీచరును చూసింది, పకపకా నవ్వింది. "ఏమే గంగా, టీచరమ్మనే తోలేస్తివి గదే!"

టీచరు అలాగే నిలబడిపోయింది. "ఏమన్నావు?"

నసీమ నాలుక కరుచుకుంది. "ఊరికే అన్యా టీచరమ్మా. కోళ్ళను తోలినట్టు తోలేసిందని."

నేరేడుపండు చీర, మట్టి మరకలు, మణికట్టు మీద ముసలి వేళ్ళు. నాయనా, నేను నిన్ను తోలమన్నాను గానీ, కొట్టమన్నానా? మాట వచ్చి తన చోట తాను కూర్చుంది, ఎన్నడూ ఎక్కడికీ పోనట్టుగా. ఆమె హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. జడ మెలిక ఊడి, జుట్టు భుజాల మీద పడింది. ఆమె దాన్ని ముడవలేదు.

అప్పటికే శివగంగ చెయ్యి చాచి బంతి అడుగుతోంది. నసీమ విసిరింది. "ఈసారి నేను నిలబడతా," అని గ్లవ్ ఒక పిల్ల చేతికిచ్చి, టీచరు దగ్గర హెల్మెట్ తీసుకుని, మచ్చ ఉన్న దవడను శివగంగ వైపే తిప్పి పలక పక్కన నిలబడింది. బంతి బుర్రుమని వచ్చింది. నసీమ వెనక్కి గెంతింది. ఇంకొకటి వచ్చింది. మళ్ళీ గెంతింది. "ఓయమ్మా, కోడిని చేసినావే నన్ను," అని తిట్టింది. శివగంగ నెల తర్వాత నవ్వింది.

ఎండ ముదిరాక పిల్లలు బంతులు ఏరి గోతం మూతి కట్టారు. శివగంగ గోతం భుజానికెత్తుకుని, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "టీచరమ్మా, కథ నిలబడిపోయింది. అవ్వ ఏమనింది?"

పంకజాక్షి టీచరు మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా కొప్పు ముడుచుకుంటోంది.

"ఆ మాట ఎక్కడ పెట్టినానో అని ఇంతసేపూ వెతుకుతాండానమ్మీ," అంది. "మీ దగ్గరే ఉంది. ఉండనీండి."